శిలలు చెప్పు అంకెలు

సికింద్రాబాదు నగరమున మెట్టుగూడ యను పేట కలదు. రైల్వే ఉద్యోగుల నివాసములకును, రైలు మార్గములకును ఆ పేట పెట్టినది పేరు. వాడి నుండి సికింద్రాబాదునకు రైలు 1874లో వచ్చెను. సమీపముననున్న లాలాగూడలో రైలుపెట్టెలను బాగుచేయు కర్మాగారము 1893లో వెలసెను. 2017 నవంబరు 29వ తేదీ నుండి మెట్టుగూడ వీధికి పైయెత్తున మెట్రో రైళ్లు నడచుచున్నవి. ఆ మెట్రో స్టేషను క్రింద నిలిచి ‘ఇది ఏ చోటు?’ అని అడిగినచో, బాటసారి పేట పేరు చెప్పును. తపాలా బంట్రోతు పిన్‌కోడు చెప్పును. చేతిలోని ఫోను మాత్రము రెండు సంఖ్యలు చెప్పును: ఉత్తర అక్షాంశము 17 డిగ్రీల 26 నిమిషములు, తూర్పు రేఖాంశము 78 డిగ్రీల 31 నిమిషములు. వీని తరువాత దశాంశ స్థానములను చేర్చుకొలది ఆ చోటు ఇరుకగుచు, తుదకు ఒక మనుష్యుడు నిలువదగినంత యగును.

ఈ సంఖ్యలను ఆధారముగా గొని ఆడు ఆట యొకటి నేడు దేశదేశములందు వ్యాపించినది. దాని పేరు జియోక్యాచింగు. దాచిన వస్తువును వెదకి పట్టుటయే ఆట. పిల్లల దాగుడుమూతలకును దీనికిని భేదమేమనగా, ఇచట దాగినది ఒక చిన్న డబ్బా. వెదకువాడు దానిని దాచినవానిని ఎన్నడును చూచి యుండకపోవచ్చును. ఆ డబ్బాను ‘క్యాష్’ అందురు. ఇది రొక్కమునకు సంబంధించిన మాట కాదు. దాచిపెట్టిన సరకు అను అర్థము గల ఫ్రెంచి పదము నుండి వచ్చినది.

ఈ ఆట పుట్టుటకు ఒక ప్రభుత్వపు ఉత్తరువు కారణమైనది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికా దేశపు జి.పి.యస్. ఉపగ్రహములు ముప్పదికి చేరువగా తిరుగుచున్నవి. ప్రతి ఉపగ్రహమును తాను ఎచ్చటనున్నదో, తన గడియారమున ఏ వేళయైనదో రేడియో సంకేతము ద్వారా చాటుచుండును. సంకేతము కాంతి వేగముతో, అనగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో వచ్చును. అది వచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఉపగ్రహము ఎంత దూరముననున్నదో తెలియును. ఇట్లు నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసినచో చేతిలోని యంత్రము తానున్న చోటును లెక్కగట్టగలదు. తొలినాళ్లలో ఈ సౌకర్యము సైన్యమునకు మాత్రమే నిక్కముగా అందెడిది. ఇతరులకు అందు సంకేతములలో కావలెనని తప్పును కలిపి పంపుచుండిరి. ఆ తప్పు నూరు మీటర్ల వఱకు ఉండవచ్చును. నూరు మీటర్ల తప్పుతో ఓడ నడుపవచ్చును గాని పొదలో దాగిన డబ్బాను పట్టలేము. 2000 మే నెల మొదటి తేదీ అర్ధరాత్రి అమెరికా ప్రభుత్వము ఈ తప్పును కలుపుట మానుకొన్నది.

రెండు దినములైనను గడువకమున్నే, మే 3వ తేదీన, ఆరెగన్ రాష్ట్రమందలి బీవర్‌క్రీక్ అను ఊరి దాపున డేవ్ అల్మర్ అను నతడు ఒక నల్లని బకెట్టును అడవిలో సగము పాతి, దాని అక్షాంశ రేఖాంశములను నలుగురికి తెలియజేసెను. అందులో ఒక పుస్తకము, ఒక పెన్సిలు, కొన్ని చిల్లర వస్తువులు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉండెను. కనుగొన్నవాడు పుస్తకములో పేరు వ్రాయవలెను; ఒక వస్తువును తీసికొనినచో మరియొకటి ఉంచవలెను. ఇంతమాత్రపు నియమముతో మొదలైన ఆట నేడు ముప్పది లక్షలకు పైబడిన డబ్బాలతో ప్రపంచమంతట వ్యాపించినది. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ అను బీడుభూములలో 1854 నాటికే ఇట్టి వినోదమొకటి ఉండెను. జేమ్స్ పెరట్ అను మార్గదర్శి అచట ఒక చిత్తడి గుంట చెంత సీసానొకదానిని ఉంచగా, అంతదూరము నడచి వచ్చినవారు తమ పేరుచీట్లను అందు వేసిపోవుచుండిరి. అప్పుడు ఉపగ్రహములు లేవు. కాళ్లును ఓపికయు ఉండెను.

ఆరెగన్ రాష్ట్రమునకు మరియొక చరిత్ర కలదు. 1840 తరువాత అమెరికా తూర్పు భాగముల నుండి వేలకొలది కుటుంబములు ఎద్దుబండ్లు కట్టుకొని పడమరకు ప్రయాణమై అచట కాపురములు పెట్టినవి. త్రోవలో కలరా తగిలియు, నదులు దాటుచును మరణించినవారెందఱో. అట్లు వచ్చి స్థిరపడిన తొలితరమువారిని ఆ దేశమున ‘పయనీర్లు’ అందురు. వారిని పాతిపెట్టిన చోట్లకు పయనీర్ శ్మశానములని పేరు. అంతకు పూర్వము ఆ నేల నిర్జనముగా నుండెనని ఈ పేరును బట్టి తలపరాదు. అచటి ఆదిమజాతులవారు అంతకు ఎన్నియో తరముల ముందే తమవారిని ఆ మట్టిలోనే కలుపుకొనిరి. వారికి చెక్కిన రాళ్లు లేవు గనుక ఆ పేరు దక్కలేదు.

పోర్ట్‌లాండు నగరములోని ‘లోన్ ఫర్’ శ్మశానము అట్టివానిలో ఒకటి. 1855లో ఏర్పడినది. ఒంటరిగా నిలిచిన దేవదారు జాతి వృక్షమును బట్టి ఆ పేరు వచ్చినది. ఇచట ఇరువది యైదు వేలకు మించిన జనులు శయనించియున్నారు. వారిలో వేలమందికి గుర్తురాళ్లు లేవు. అందొక మూల చీనా దేశము నుండి కూలికి వచ్చినవారిని పాతిపెట్టిరి. ఇరువదవ శతాబ్దమున ఆ మూలపై ప్రభుత్వ భవనమొకటి లేచినది. క్రింద ఇంకను సమాధులున్నవని తరువాత తేలగా, 2007లో ఆ భవనమును తొలగించిరి. రాయి ఉన్నచోట పేరు నిలిచినది. రాయి లేనిచోట ఇల్లు లేచినది.

జియోక్యాచింగు ఆటగాండ్రకు ఇట్టి పాత శ్మశానములపై మక్కువ మెండు. అందుకు హేతువు దయ్యముల భయము గాదు, అంకెలు. ఏ సమాధి శిలను చూచినను జనన సంవత్సరము, మరణ సంవత్సరము, వయస్సు చెక్కియుండును. పొడుపుకథ అల్లువానికి ఇంతకంటె కావలసినదేమున్నది? డబ్బా ఉన్న చోటును నేరుగా చెప్పక, కొన్ని అంకెలకు బదులు అక్షరములను వ్రాసి, వాని విలువలు ఫలానా శిలలపై దొరకునని సూచించును. వెదకువాడు శిల చెంతకు పోయి, చదివి, లెక్కగట్టి, అచ్చటి నుండి డబ్బా ఉన్నచోటికి పోవలెను.

లెక్క ఎట్టిదో ఒక ఉదాహరణముతో తెలియగలదు. చిక్కుప్రశ్నలో ఉత్తర అక్షాంశము ‘17 డిగ్రీల 26.కచట నిమిషములు’ అని యున్నదనుకొనవలెను. ‘క’ యనగా మరణ సంవత్సరములోని పదుల అంకె. ‘చ’ యనగా జనన సంవత్సరములోని ఒకట్ల అంకె. ‘ట’ యనగా చనిపోవునప్పటి వయస్సులోని ఒకట్ల అంకె. శిలపై 1847 జననము, 1869 మరణము, వయస్సు 22 అని యున్నచో క 6, చ 7, ట 2. కావున అక్షాంశము 26.672 నిమిషములు. ఇక శిల అరిగియుండి, 1869ని 1859 అని చదివినవాని గతి యేమి? అతనికి 26.572 వచ్చును. ఈ అక్షాంశమున ఒక నిమిషమనగా నేలపై సుమారు 1,844 మీటర్లు గనుక, నిమిషములో పదవవంతు తప్పినచో 184 మీటర్ల దూరమున వెదకుచుండును. అదే మూడవ దశాంశ స్థానమున ఒక అంకె తప్పినచో తేడా రెండు మీటర్లకు లోపే. అంకె ఒక్కటియే అయినను అది కూర్చున్న స్థానమును బట్టి తప్పు పెద్దదో చిన్నదో అగును. తరగతి గదిలో స్థానవిలువలు ఎందుకని విసుగుకొనువారు ఈ ఆట ఒకసారి ఆడిచూడవలెను.

నేర్పరియైన ప్రశ్నకర్త ఇంకొక సాయము చేయును: ‘మూడంకెల మొత్తము 15’ అని చెప్పియుంచును. 6, 7, 2 కలిపిన 15. తప్పుగా చదివినవానికి 14 వచ్చును. అతడు మరల శిల చెంతకు పోయి, ఈసారి జాగ్రత్తగా చూచును. నిజముగా ఈ ఆటలోని సారమంతయు ఆ రెండవ చూపులోనే యున్నది. శ్మశానము నడుమ దారిలో ప్రతిదినము పోవువాడు వెయ్యి రాళ్లను చూచియు ఒక్కదానిని చదువడు. చిక్కుప్రశ్న చేతబట్టినవాడు ఒక్క రాతి యెదుట మోకరించి, 1847లో పుట్టినవాడు 22 ఏండ్లకే ఏల పోయెనో యని యోచించును.

అంకెలను మాటలలో దాచు విద్య తెలుగువారికి క్రొత్త గాదు. మన పూర్వులు శాసనములందును గ్రంథములందును శకసంవత్సరములను భూతసంఖ్యలతో చెప్పుచుండిరి. చంద్రుడొక్కడు గనుక చంద్ర శబ్దమునకు 1, నేత్రములకు 2, వేదములకు 4, బాణములకు 5, ఋతువులకు 6, మునులకు 7, వసువులకు 8, గ్రహములకు 9, ఆకాశము శూన్యము. చదువునప్పుడు మాటలను వరుసగా తీసికొని అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చవలెను. ‘వసు గ్రహ ముని చంద్ర’ అనిన 1798. సంగీతజ్ఞులు వాడు కటపయాది పద్ధతియు ఇట్టిదే. మాయామాళవగౌళ రాగమున ‘మా’ 5, ‘యా’ 1. త్రిప్పి చదివిన 15. డెబ్బదిరెండు మేళకర్తలలో దాని స్థానమదియే. అరబ్బీ, పారసీ భాషలందు అక్షరమునకొక విలువ కలదు. ‘యా హాఫిజ్’ అను మాటలోని అక్షరముల విలువలను కూడిన 1000 వచ్చును. చార్మినారు కట్టిన హిజ్రీ సంవత్సరమును ఈ మాట సూచించునని చెప్పుదురు. హిజ్రీ 1000 అనగా క్రీస్తు శకము 1591-92. కావున ఈ ఆటను ఇచ్చటివారు ఆడదలచినచో, చిక్కులు అల్లుటకు పరదేశపు సాంకేతికములను అరువు తెచ్చుకొన పనిలేదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. చనిపోయినవారు పండుకొన్న చోట ఆటలేమి? ఈ ప్రశ్న అమెరికాలోనే గట్టిగా పుట్టినది. 2005లో దక్షిణ కరోలినా రాష్ట్రమున, అనుమతి లేక శ్మశానములందును చారిత్రక స్థలములందును ఈ ఆట ఆడుటను నేరముగా చేయు బిల్లు వచ్చినది. ప్రతినిధుల సభ దానిని అంగీకరించినను అది శాసనము కాలేదు. బిల్లు తెచ్చినవారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. సమాధులపై కాలుమోపుట, డబ్బా కొఱకు రాళ్లను కదల్చుట, ఫొటోల కొఱకు శిలల నెక్కుట చూచినవారికి కడుపు మండుటలో వింత లేదు. తమ తాతముత్తాతల సమాధి చెంత పువ్వులుంచ వచ్చిన కుటుంబమునకు, పక్కనే పరుగులిడు గుంపు ఎట్లుండునో తలచిచూచిన చాలును. మరియొకవైపు వారి మాటయు వినదగినదే. పలు పాత శ్మశానములకు ఇప్పుడు వచ్చువారే లేరు. వారసులు దూరదేశములకు పోయిరి, ముండ్లపొదలు పెరిగినవి, గోడరాళ్లు ఇరుగుపొరుగు ఇండ్లలోనికి చేరినవి. ఎవ్వరును రాని చోటును ఆక్రమించుట సులభము. నెలకు నలుగురైనను వచ్చి చదివి పోవు చోటికి కొంత కాపు ఉండును.

ఈ రెంటి నడుమ ఆటగాండ్రే కొన్ని కట్టుబాట్లు చేసికొనిరి. స్థలము ఎవరిదో వారి అనుమతి ముందుగా పొందవలెను. డబ్బాను సమాధిపై గాని, దాని ప్రక్క మట్టిలో గాని ఉంచరాదు. మంచి ప్రశ్నకర్త శ్మశానము లోపల అంకెలను మాత్రమే ఉంచి, డబ్బాను ప్రహరీ వెలుపల ఎచ్చటనో దాచును. శిలను చదువు పద్ధతిని గూర్చియు పెద్దలు చెప్పునది కలదు. అరిగిన అక్షరములపై సుద్ద రాయుట, ఇనుపకుంచెతో గీకుట, ఆమ్లము పోయుట కూడదు. నాచును పెరికినచో దానితో రాతిపొరయు ఊడివచ్చును. పాలరాతి అక్షరములు గంటు లోతు తక్కువైనవి. ఒకసారి గీకిన అవి మరల రావు. ఉదయమున గాని సాయంకాలమున గాని ఎండ ఏటవాలుగా పడువేళ పోయినచో, అక్షరముల గుంటలలో నీడలు నిలిచి, మధ్యాహ్నము కనబడని పేరు తానై కనబడును. ఎండ తగులని ముఖమైనచో ఒక అద్దముతో ప్రక్కనుండి వెలుగును మళ్లించిన చాలును.

ఇక సికింద్రాబాదు సంగతి. అమెరికా పయనీర్లవంటివారు ఇచట లేరు. నిజాము ఆంగ్లేయులతో చేసికొన్న 1798 నాటి సంధిని అనుసరించి వచ్చిన సైన్యము హుసేన్‌సాగరమునకు ఉత్తరమున విడిసినది. ఆ దండు చుట్టును పెరిగిన ఊరికి 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదని పేరు వచ్చినది. సైనికులు, వారి భార్యాబిడ్డలు, అటుపిమ్మట రైలు నడుపవచ్చినవారు ఇచట బ్రతికిరి, ఇచటనే పోయిరి. బొల్లారములో 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి చెంతను, హైదరాబాదు కోఠీలోని పూర్వపు రెసిడెన్సీ ఆవరణలోను నాటి సమాధులు కలవు. ఇట్టి శ్మశానములలోని వయస్సులు చదువువారిని కలచివేయును. ఇరువదేండ్ల సైనికులు, నెలల పసికందులు. కలరాయు చలిజ్వరమును వారిని తుడిచిపెట్టినవి. చలిజ్వరమునకు మూలము దోమయని తెలిసినది ఈ సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొనెను. అంతకు పూర్వపు శిలలలో పేర్లున్నవారికి, తమను చంపినది ఏదియో తెలియనే లేదు. దక్షిణాసియాలోని ఐరోపీయుల శ్మశానములను కాపాడి, శిలాలేఖములను నమోదు చేయుటకు లండనులో 1976లో ఒక సంఘమేర్పడినది. అయినను ఎండవానలు లేఖకునికంటె వేగముగా పనిచేయుచున్నవి.

విలియం లాంబ్టన్ అను దండనాయకుని మాట ఇచట తలపునకు వచ్చును. అతడు 1802లో మద్రాసు వద్ద మొదలిడి, 78వ రేఖాంశమునకు చేరువగా దక్షిణోత్తరములుగా భారతదేశమును కొలుచుచు వచ్చెను. మెట్టుగూడ రేఖాంశమును అదే 78 డిగ్రీలతో మొదలగుచున్నదిగదా. లాంబ్టన్ కొన్నియేండ్లు హైదరాబాదు కేంద్రముగా పనిచేసెను. 1818లో అతనికి సహాయకుడుగా నియమితుడై వచ్చినవాడే జార్జి ఎవరెస్టు. 1823 జనవరిలో హైదరాబాదు నుండి నాగపూరు పోవు త్రోవలో, నేటి మహారాష్ట్రములోని హింగన్‌ఘాట్ వద్ద లాంబ్టన్ మరణించెను. సమాధియు అచటనే. దేశమందలి ప్రతి చోటునకు అక్షాంశ రేఖాంశములను కట్టబూనినవాని సమాధి ఎచ్చటనున్నదో తెలిసినవారు బహుకొలదిమంది.

సికింద్రాబాదులో ఈ ఆట ఆడదలచినవారు డబ్బా దాచు మాట మానుకొనవలెను. రైలు స్టేషన్లు, మెట్రో స్తంభములు, సైనిక కంటోన్మెంటు ఉన్న ఊరిలో దిక్కులేని డబ్బా కనబడినచో జనులు పోలీసులను పిలుతురు, పిలువవలసినదే. ఈ ఆటలోనే డబ్బా అక్కఱలేని విధమొకటి కలదు. చోటికి పోయి, అచట చెక్కియున్నదానిని చదివి, సమాధానము పంపిన చాలును. దొరకునది వస్తువు గాదు, విషయము.

అట్టి ప్రశ్నకు తగిన చోటు నగరమునకు దక్షిణమున, ఆస్మాన్‌గఢ్ ప్రాంతమున గుట్టపై కలదు. అది నిజామ్ అలీఖాన్ కొలువులో ఫిరంగుల కర్మాగారమును నెలకొల్పిన ఫ్రెంచి సేనాని రేమండు సమాధి. అతడు 1798 మార్చి 25వ తేదీన మరణించెను. జనులు అతనిని తమవానిగా చేసికొని, హిందువులు మూసా రామనియు, ముసల్మానులు మూసా రహీమనియు పిలిచిరి. మూసారాంబాగు పేరు అట్లే వచ్చినదందురు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధము వఱకు ఏటేట అతని వర్ధంతినాడు జనులు గుట్టనెక్కి దీపములు వెలిగించుచుండిరి. ప్రక్కనున్న స్తంభముల మంటపము 2001లో కూలగా తరువాత మరల నిలిపిరి.

ప్రశ్నకర్తకు ఇచట ఒక చిక్కు ఎదురగును. సుమారు 7 మీటర్ల ఎత్తు గల ఆ రాతి స్తంభముపై సంవత్సరము లేదు, వయస్సు లేదు, పూర్తి పేరైనను లేదు. ఉన్నవి రెండు ఇంగ్లీషు అక్షరములు, జె, ఆర్. అక్షరమాలలో జె పదవది, ఆర్ పదునెనిమిదవది. అంకెలు కావలసినవానికి 10, 18 దొరకినవి, లెక్క సాగును. 1798 కావలసినవాడు మాత్రము గుట్ట దిగి, గ్రంథాలయమునకు పోవలెను.